నగర సంగీతోత్సవంలో మా 30 నిమిషాలు

నగర సంగీతోత్సవంలో కొత్త బ్యాండ్ల కోసం ఏర్పాటు చేసిన చిన్న వేదిక మీద మాకు కేటాయించిన సమయం 30 నిమిషాలు. ఆ 30 నిమిషాల కోసం మా ఐదుగురం ఎనిమిది నెలలు పనిచేశాము. పాటల సాధనకు ఎంత కాలం పట్టిందో, కాగితాలకూ కేబుళ్లకూ నిమిషాల లెక్కకూ దాదాపు అంతే కాలం పట్టింది. బ్యాండ్‌లో నేను బేస్ గిటార్ వాయిస్తాను. మా వెనుక ఏ సంగీత సంస్థా లేదు కనుక ఉత్తరప్రత్యుత్తరాల బాధ్యత కూడా నేనే తీసుకున్నాను. ఇదే దారిలో ఉన్న మరో బ్యాండ్‌కు ఉపయోగపడవచ్చునన్న ఆశతో జరిగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

అంతకు ముందు సంవత్సరం కూడా మేము దరఖాస్తు చేశాము, ఎంపిక కాలేదు. అప్పుడు పంపినది స్టూడియోలో ఎంతో శ్రద్ధగా చేసిన రికార్డింగ్. అందులో మా గాయని గొంతు నాలుగు పొరలుగా వినిపిస్తుంది, వేదిక మీద ఎన్నడూ వాయించని వాద్యాలు కూడా ఉంటాయి. రెండోసారి ఆ రికార్డింగ్‌తో పాటు, సాధన గదిలో ఒకే ఫోన్‌తో, మధ్యలో ఎక్కడా కత్తిరించకుండా తీసిన ఒక పాట వీడియోను పంపాము. దానిలో చిన్న తప్పులున్నాయి, కానీ ఐదుగురం కలిసి వాయిస్తే ఎలా ఉంటుందో అది నిజాయితీగా చెబుతుంది. ఉత్సవం నడిపేవారికి కావలసిన సమాచారం అదేనని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. పాట ఎంపికలో కూడా ఒక మార్పు చేశాము. మాకు ఎంతో ఇష్టమైన నిమిషంన్నర వాద్య ప్రారంభం ఉన్న పాటను పక్కన పెట్టి, పల్లవితోనే మొదలయ్యే పాటను పంపాము. గుట్టలుగా వచ్చిన దరఖాస్తులను వరుసగా వినే మనిషికి మన గాయని గొంతు మొదటి అరనిమిషంలోనే చేరాలి.

ఎంపికైనట్లు ఉత్తరం వచ్చిన వారంలోపే స్టేజ్ ప్లాట్, ఇన్‌పుట్ లిస్ట్ పంపమన్నారు. మొదటిది వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడతారో చూపే పటం, రెండోది ఏ శబ్దం ఏ మైకు నుంచి లేదా ఏ కేబుల్ నుంచి మిక్సర్‌లోకి వెళుతుందో చెప్పే పట్టిక. అంతకు ముందు ఒక చిన్న కార్యక్రమంలో, పటాన్ని ప్రేక్షకుల వైపు నుంచి చూసినట్లు గీసి పంపడం వల్ల, కీబోర్డుకు కావలసిన కరెంటు కనెక్షన్ వేదికకు అవతలి చివర అమర్చి ఉంది. వేదిక పరిభాషలో కుడి, ఎడమ అంటే ప్రేక్షకులకు ఎదురుగా నిలబడిన కళాకారుని కుడి, ఎడమలు. ఈసారి పటం అడుగున ప్రేక్షకులు ఉండే దిక్కును పెద్ద అక్షరాలతో రాశాము.

ఇన్‌పుట్ లిస్ట్ మొదట 13 చానెళ్లకు, అంటే మిక్సర్‌లోకి వెళ్లే 13 శబ్ద మార్గాలకు, వచ్చింది. డ్రమ్స్‌కు ఆరు, బేస్‌కు ఒకటి, ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్ (శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) ముందు పెట్టే మైకుకు ఒకటి, అకూస్టిక్ గిటార్‌కు ఒకటి, కీబోర్డుకు స్టీరియోగా (కుడి ఎడమలకు విడివిడిగా) రెండు, గాత్రాలకు రెండు. కీబోర్డును మోనోగా (ఒకే చానెల్‌గా) మార్చి 12కు తగ్గించాము. ఒక చానెల్ తగ్గితే ఏమొస్తుందని మా కీబోర్డిస్టు అడిగాడు, అతని బాధ నాకు అర్థమైంది. కానీ మారే ప్రతి కేబుల్‌నూ ఎవరో ఒకరు పరీక్షించాలి, ప్రతి పరీక్షకూ కొన్ని సెకన్లు పడుతుంది, ఆ సెకన్లు మా పాటలోంచే పోతాయి. డ్రమ్స్ సెట్టు, ఆంప్‌లు అన్ని బ్యాండ్లకూ ఉమ్మడిగా ఉంటాయనీ, స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలనీ నిర్వాహకులు స్పష్టంగా తెలియజేశారు.

అసలు సవాలు ఆ ఉత్తరంలోని ఒక చిన్న వాక్యంలో ఉంది. ఒక బ్యాండ్ దిగి మరొక బ్యాండ్ ఎక్కడానికి 15 నిమిషాలు, సౌండ్ చెక్ ఉండదు, లైన్ చెక్ మాత్రమే ఉంటుంది. సౌండ్ చెక్‌లో బ్యాండ్ మొత్తం ఒక పాట వాయించి, సమతూకం కుదిరేవరకు సరిచేసుకుంటుంది. లైన్ చెక్‌లో ప్రతి కేబుల్‌లోనూ శబ్దం వస్తున్నదా లేదా అన్నది మాత్రమే చూస్తారు. మిగిలిన సర్దుబాటంతా మొదటి పాట జరుగుతుండగా, ప్రేక్షకుల ఎదుటే జరుగుతుంది. అందువల్ల చివరి నెలలో పాటలతో పాటు, సర్దుకోవడాన్ని కూడా సాధన చేశాము. మూసిన సంచులతో గది బయట నిలబడి, గడియారం పెట్టుకుని, లోపలికి వచ్చి, మొదటి స్వరం వినిపించేవరకు లెక్కించాము. మొదటిసారి 22 నిమిషాలు పట్టింది. గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్స్ అన్నిటినీ ఒకే పలకకు బిగించి ముందే కేబుళ్లు కలిపి ఉంచడం, సింబల్స్‌ను వేదిక పక్కనే స్టాండ్లకు ఎక్కించి తేవడం, ఎవరి పని ముందు, ఎవరి పని తరువాత అన్న క్రమాన్ని మార్చకపోవడం వల్ల చివరికి తొమ్మిది నిమిషాలకు తెచ్చాము. ఈ సాధన విసుగు పుట్టించేదే, అయినా మేము చేసిన పనులన్నిటిలో ఇదే మమ్మల్ని ఎక్కువగా కాపాడింది.

సెట్‌లిస్ట్‌లో, అంటే వేదిక మీద వాయించే పాటల వరుసలో, ఆరు పాటలు పెట్టాము. అన్నీ కలిపి 25 నిమిషాలు, మిగిలిన ఐదు నిమిషాలు మాటలకూ శ్రుతి సరిచూసుకోవడానికీ. వేరే శ్రుతిలో వాయించే రెండు పాటలను పక్కపక్కన పెట్టి, గిటార్ శ్రుతి మార్చే పనిని ఒక్కసారికి కుదించాము. ఆలస్యమైతే వదిలేయవలసిన పాట ఏదో ముందే నిర్ణయించి, దాని పక్కన ఒక గుర్తు పెట్టుకున్నాము. వేదిక మీద నిలబడి ఆ చర్చ చేయడం సాధ్యం కాదు కనుక, ఎంత కష్టమైనా అది గదిలోనే తేలాలి. గుర్తు పెట్టిన ఐదో పాట నేను రాసినది. నిదానంగా సాగే ఆ పాట తీసేస్తే మిగిలిన వరుస చెడదని నాకూ తెలుసు, అందుకే ఒప్పుకున్నాను.

ఉత్సవం రోజున మా ముందు బ్యాండ్ చివరి పాట వాయిస్తుండగా వేదిక పక్కన సామాను సిద్ధంగా పేర్చుకున్నాము. నీడలో శ్రుతి చేసుకున్న గిటార్, ఎండ పడుతున్న వేదిక మీదకు రాగానే తీగలు వేడెక్కి శ్రుతి దిగుతుందని తెలుసు కాబట్టి, చివరి ట్యూనింగ్‌ను అక్కడికే వాయిదా వేశాము. సర్దుకోవడం అనుకున్నట్లే సాగింది. లైన్ చెక్‌లో ఒక్కొక్క చానెల్ దాటుతూ తొమ్మిదో చానెల్‌కు వచ్చేసరికి, అకూస్టిక్ గిటార్ నుంచి చీలిపోయినట్లున్న సన్నని శబ్దం వచ్చింది. కారణం నాకు వెంటనే తట్టింది. ఇటువంటి గిటార్లలో పికప్‌కు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగానికి) తోడుగా, ఆ సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ తొమ్మిది వోల్టుల బ్యాటరీతో పనిచేస్తుంది, జాక్‌లో కేబుల్ గుచ్చగానే అది ఆన్ అవుతుంది, తీసేవరకు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ముందు రోజు సాధన తరువాత కేబుల్ రాత్రంతా అందులోనే ఉండిపోయింది. కొత్త బ్యాటరీ మా సంచిలో ఉంది, కానీ దానిని పెట్టే చోటు ఆ గిటార్ లోపల ఉంది. తీగలు వదులు చేసి, చెయ్యి లోపలికి పెట్టి మార్చి, మళ్లీ శ్రుతి చేయాలి.

సౌండ్ ఇంజనీర్ అప్పటికే మా పట్టిక చూసి ఉన్నాడు. "లిస్ట్‌లో లేని మైకు ఒకటి ఖాళీగా ఉంది, గిటార్ ముందు పెడతాను, మీరు దానికి దగ్గరగా, కదలకుండా వాయించగలరా?" అని మా గాయనిని అడిగాడు. పాడుతూ అటూ ఇటూ నడవడం ఆమెకు అలవాటు, అయినా సరేనన్నది. మైకు పెట్టి, ఆమె మానిటర్‌లో (వేదిక మీద ఆమెకు వినిపించే స్పీకర్‌లో) గిటార్ శబ్దాన్ని ఫీడ్‌బ్యాక్ (మైకు కీచుమనడం) రాని స్థాయికి దించేసరికి, మా 30 నిమిషాల్లోంచి నాలుగు నిమిషాలు పోయాయి. ముగింపు సమయం మాత్రం మారదు, ఎందుకంటే మా తరువాతి బ్యాండ్ కూడా మాలాగే ఎదురుచూస్తున్నది.

మొదటి పాట మొదలైనప్పుడు వేదిక ముందు 40 మంది వరకు ఉన్నారు. 1987లో ఆస్టిన్‌లో మొదలైన సౌత్ బై సౌత్‌వెస్ట్, 2006లో బ్రైటన్‌లో మొదలైన గ్రేట్ ఎస్కేప్ వంటి నగర ఉత్సవాల్లో శ్రోతలు ఒక వేదిక నుంచి మరొక వేదికకు నడుస్తూ వింటారు, మా ఉత్సవం కూడా అటువంటిదే. నడిచి వెళ్లే మనిషి పాట జరుగుతుండగా ఆగుతాడు, నిశ్శబ్దంలో వెళ్లిపోతాడు. అందుకే గిటార్ శ్రుతి మార్చుకునే వేళ కీబోర్డిస్టు తరువాతి పాట షడ్జమాన్ని నిలిపి ఉంచాడు. ఆ స్వరం మీద మా గాయని నెమ్మదిగా రాగం తీసింది. అప్పుడే చివరి వరుసలో నడుస్తున్న కొందరు ఆగడం చూశాను. కదలకూడదన్న నియమం వల్ల కావచ్చు, ఆమె ఆ రోజు నేను ఎప్పుడూ విననంత స్థిరంగా పాడింది.

నాలుగో పాట ముగిశాక డ్రమ్మర్ నా వైపు చూశాడు. గడియారంలో ఆరు నిమిషాలే మిగిలాయి, నేను తల ఊపాను, నేరుగా ఆరో పాటలోకి వెళ్లిపోయాము. నా పాట ఆ వేదిక మీద వినిపించనందుకు దుఃఖం కలిగింది, ఆ దుఃఖం చివరి పాట మొదటి చరణం వరకు నా చేతుల్లోనే ఉంది. ఆ తరువాత బేస్, డ్రమ్స్ ఒకటైపోయి, ముందు నిలబడ్డవారు తాళం వేయడం మొదలుపెట్టారు. ఒక నిమిషం మిగిలి ఉండగా ముగించాము. వేదిక మీద కేబుళ్లు చుట్టుకుంటూ కూర్చోకుండా, సామానంతా ఉన్నదున్నట్లుగా పక్కకు మోసి, అక్కడ విడదీసుకున్నాము.

సాయంత్రం నిర్వాహకులు ఒక ఫారం ఇచ్చారు. వాయించిన పాటల పేర్లు, వాటిని రాసినవారి పేర్లు, నిడివి అందులో నింపాలి. పాట రచయితలకు ప్రదర్శన రుసుము అందేది ఆ వివరాల ఆధారంగానే కనుక, అలసిపోయి ఉన్నా అక్కడే కూర్చుని పూర్తి చేశాను. ఐదు గడులు నింపి సంతకం చేసి ఇచ్చాను. బయటికి వచ్చేసరికి మా గాయని గిటార్ తీగలు వదులు చేసి, కొత్త బ్యాటరీ పెట్టి, మళ్లీ శ్రుతి చేస్తూ ఉంది. "ఐదో పాట ఇప్పుడు పాడుకుందాం, రా" అన్నది. సంచుల మధ్య కూర్చుని, మైకులు లేకుండా, ఐదుగురం ఆ పాటను మొదటి నుంచి చివరి వరకు పాడాము.