ఖాళీ డబ్బాతో బయటికొచ్చిన రోజు

ఏడాది ప్రయత్నించినా నెల తప్పకపోతే ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలట. మేం రెండేళ్లపాటు మా ఆవిడ ఒక్కదాన్నే తిప్పాం. థైరాయిడ్, అండాల నిల్వ చూసే ఏఎంహెచ్ రక్తపరీక్ష, నెలనెలా స్కానింగులు. ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే అయ్యాక అరగంట కుర్చీలోంచి లేవలేకపోయింది. అన్నీ నార్మలే. అయినా మా అమ్మ నాగప్రతిష్ఠ చేయించమంది.

"మీ వీర్య పరీక్ష రిపోర్టేదండీ?" అని కొత్త డాక్టరమ్మ అడిగితే నాకు నోట మాట రాలేదు.

రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి రమ్మన్నారు, ఉన్నాను. ల్యాబులో కౌంటర్ అమ్మాయి నిండు హాల్లో నా పేరు పిలిచి, "సెమెన్ శాంపిలేనా సార్?" అంది. మా వీధి కిరాణా కొట్టాయన షుగర్ టెస్టుకొచ్చి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు! డబ్బా చేతిలో పెట్టి అందరూ వాడే బాత్రూమ్ చూపించింది. గడియ సగమే పడుతుంది. ఫినాయిల్ కంపు, మూల చీపురు. బయట ఒక పెద్దాయన తలుపు బాదుతూ, "తొందరగా రా బాబూ, ఆపుకోలేకపోతున్నా". ఇరవై నిమిషాలు గడియ పట్టుకుని నిలబడి, ఖాళీ డబ్బాతో బయటికొచ్చాను. "అవ్వలేదా సార్?" మళ్లీ అదే గొంతు. కొట్టాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ కొట్లో ఉప్పు కూడా కొనను.

ఇంటి దగ్గర్నుంచి తేవచ్చని అప్పుడు చెప్పారు! గంటలోపు అందాలి, ఐసులో పెట్టకూడదు, ఒంటి వేడి తగులుతుండాలి. మర్నాడు చొక్కా లోపల పెట్టుకుని బండి మీద పరిగెత్తాను.

వీర్యకణాలు మిల్లీలీటరుకు 16 మిలియన్లయినా ఉండాల్సింది, నాకు 7. ఒక్క రిపోర్టుతో తేల్చకూడదని మళ్లీ చేశారు, మళ్లీ అంతే. వేరికోసీల్, అంటే వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం. దానికి తోడు పన్నెండేళ్లుగా బేకరీ పొయ్యి ముందు ఉద్యోగం. ఈలోగా ఒక సెంటర్లో రిపోర్టు తెరవకుండానే ఐవీఎఫ్, అంటే టెస్ట్‌ట్యూబ్ బేబీ ప్యాకేజీ కాగితం చేతికిచ్చారు. అలాంటి చోట కుర్చీలో కూడా కూర్చోకండి. నాకు చిన్న ఆపరేషన్‌తో సరిపోయింది. సిగరెట్ మానేశాను, ఇంతవరకు ముట్టలేదు. కొత్త కణాలు తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి వారానికోసారి పరీక్షకు పరిగెత్తడం దండగ.

మగాళ్లూ, ముందు మీరెళ్లండి. ప్రత్యేకం గది ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని మరీ వెళ్లండి.

నిన్నటి రిపోర్టులో 18 వచ్చింది. వచ్చే నెల ఐయూఐ, అంటే వీర్యకణాల్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం, చేద్దామన్నారు. అమ్మకి చదివి వినిపించాను.

"నీకేం లోపం లేదని నేను ముందే చెప్పలేదుట్రా?" అంది.

వంటింట్లో ఏదో గిన్నె గట్టిగా పడింది.