రెండు వర్గాల మధ్య శెనక్కాయల మిషన్

పెనుకొండ దగ్గర హైవే మీద పోతుంటే తెలుగు బోర్డుల మధ్యన సున్నాలూ గీతలూ కలిపి రాసినట్టుండే కొరియా అక్షరాలు కనిపిస్తాయి. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి ఇదే వరస. (2022లో మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, ఇంట్లో ఇప్పటికీ అనంతపురం జిల్లా అనే అంటాం.) అక్కడ ఒక విడిభాగాల కంపెనీలో పనిచేసే మా చిన్నాన్న కొడుకు మొన్న ఇంటికొచ్చి, "అన్నా, కొరియా వాళ్లు డబ్బంతా అమెరికాలో పెడతారంట కదా, మన సంగతేంది?" అన్నాడు. ఏదో సర్దిచెప్పి పంపించాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

దక్షిణ కొరియా పరిస్థితి చూడండి. కాపలా అమెరికాది: 1953 నుంచి రక్షణ ఒప్పందం ఉంది, ఈనాటికీ దాదాపు 28,500 మంది అమెరికా సైనికులు అక్కడ ఉన్నారు. వ్యాపారం చూస్తే ఎక్కువ చైనాతో. పైన గోడ పక్కనే అణుబాంబులున్న ఉత్తర కొరియా. తిమింగలాలు కొట్టుకుంటే రొయ్య నడుము విరుగుతుందని వాళ్లకొక సామెత ఉంది. మనం ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటాం.

నడుము ఎలా విరుగుతుందో 2016లో తెలిసింది. ఉత్తర కొరియా క్షిపణుల భయంతో, అమెరికా వాళ్ల థాడ్ అనే క్షిపణి రక్షణ వ్యవస్థను సొంగ్జు అనే చోట పెట్టుకోవడానికి కొరియా ఒప్పుకుంది. సొంగ్జు మన ఊళ్లలాంటిదే, కర్బూజాలాంటి పసుపుపచ్చటి కాయలు పండించే ప్రాంతం, అక్కడి రైతులు గుండ్లు కొట్టించుకుని మరీ గొడవ చేశారు. చివరికి లొట్టే అనే కంపెనీ తన గోల్ఫ్ మైదానం ఇచ్చింది. థాడ్ రాడార్ మా దేశం లోపలికి చూస్తుందని చైనాకు కోపం. అయినా యుద్ధం చేయలేదు, ఆంక్షలని పేరు కూడా పెట్టలేదు. అగ్నిప్రమాద నిబంధనలు పాటించలేదంటూ చైనాలోని లొట్టే మార్టులను ఒక్కొక్కటిగా మూయించింది. కొరియాకు టూరిస్టు గుంపులు ఆగిపోయాయి. 2016లో చైనాలో దాదాపు 6.5 లక్షల కార్లు అమ్మిన కియా 2017లో సుమారు 3.6 లక్షలకు పడిపోయింది. థాడ్ పెట్టాలని నిర్ణయించింది సియోల్‌లో కూర్చున్న ప్రభుత్వం. దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునే అమ్మాయిని ఎవరూ అడగలేదు, ఉద్యోగం పోయింది మాత్రం ఆ అమ్మాయికి.

కియా మన రాష్ట్రంతో ఒప్పందం చేసుకున్నది 2017 ఏప్రిల్‌లో, అంటే థాడ్ సామాను కొరియాలో దిగిన మరుసటి నెల. చైనా దెబ్బ వల్లే ఇక్కడికి వచ్చారని నేను అనను, అంత పెద్ద ఫ్యాక్టరీ నెలరోజుల్లో తేలే బేరం కాదు. కానీ ఆ ఏడాది నవంబర్‌లోనే అప్పటి అధ్యక్షుడు మూన్ జే ఇన్, ఆగ్నేయాసియా దేశాలతోనూ తర్వాత ఇండియాతోనూ సంబంధాలను పెద్ద దేశాలతో ఉన్నంత స్థాయికి తెస్తామని కొత్త విధానం ప్రకటించాడు. ఒకే అంగడి మీద బతికితే ఏమవుతుందో అర్థమైనవాళ్లు వేసిన అడుగు అది.

మా అబ్బకు (మా వైపు తాతను అబ్బ అంటాం) శెనక్కాయలు ఒలిచే మిషన్ ఉండేది. ఊళ్లో రెండు వర్గాలు, మిషన్ ఒక్కటే, కాబట్టి ఇద్దరూ మా వాకిట్లోకే బండ్లు తోలుకొచ్చేవాళ్లు. ఒక ఏడు వాన మబ్బు పట్టిందని ఒక వర్గం కాయలు ముందు ఒలిచి ఇచ్చాడంట. అంతే, రెండో వర్గం కొట్టలేదు, తిట్టలేదు, బండ్లు కట్టుకుని పక్క ఊరికి పోయింది. రెండేళ్లు. అబ్బకు చేను ఉంది కాబట్టి తట్టుకున్నాడు. మిషన్ దగ్గర చెరిగే ఆడకూలీలకు అదొక్కటే ఆధారం.

2025లో కొరియాకు ఈసారి అమెరికా వైపు నుంచే తగిలింది. 25 శాతం సుంకం వేస్తామంటే, దాన్ని 15కు తగ్గించుకోవడానికి జులైలో 350 బిలియన్ డాలర్లు అమెరికాలో పెడతామని మాటిచ్చారు. సెప్టెంబర్‌లో, జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్, ఎల్జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద వీసాల పేరుతో దాడిచేసి 300 మందికి పైగా కొరియన్లను గొలుసులు వేసి తీసుకుపోయారు. మీ ఊళ్లో ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన మనిషికి సంకెళ్లా! పోనీ చైనా ఊరుకుందా అంటే, అక్టోబర్‌లో హన్వా ఓషన్ అనే, ఓడలు కట్టే కొరియా కంపెనీకి అమెరికాలో ఉన్న ఐదు అనుబంధ సంస్థల మీద ఆంక్షలు పెట్టి, నవంబర్‌లో ఏడాదిపాటు పక్కన పెట్టింది. ఓడలు కట్టడం రాకపోతే అమెరికా వీళ్లను పిలిచేది కాదు, చైనా గిల్లేదీ కాదు. పనితనం ఉంటే గౌరవం దొరుకుతుందని మనవాళ్లు అంటుంటారు గానీ, నాకు అంత నమ్మకం లేదు. పనితనం ఉన్నవాడిని ఇద్దరూ లాగుతారు.

ఎటూ లేకుండా ఇద్దరినీ ఆడిస్తే పోలేదా అంటారేమో, దానికి పెనుకొండ కోటే సాక్ష్యం. అళియ రామరాయలు ఇరవై ఏళ్లపాటు దక్కన్ సుల్తానులను ఒకరి మీదకి ఒకరిని ఎగదోస్తూ నెగ్గుకొచ్చాడు. 1565లో వాళ్లే ఏకమై అతన్ని చంపితే, తమ్ముడు తిరుమలరాయలు విజయనగరం వదిలి పెనుకొండకు చేరి, దాన్ని రాజధాని చేసుకున్నాడు.

నిన్న తమ్ముడికి ఫోన్ చేసి, కట్టిన ఫ్యాక్టరీని రాత్రికి రాత్రి ఎవరూ మూట కట్టుకుని పోరని, అసలు చూడాల్సింది కొత్త మోడళ్లూ కొత్త లైన్లూ ఎక్కడ పెడతారో అని చెప్పాను. "అయితే ఇంటి లోను ఒక ఏడాది ఆపుతా" అన్నాడు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అబ్బ దగ్గరికి రెండో వర్గం మూడో ఏడు తిరిగొచ్చింది. పక్క ఊరి మిషన్‌లో గింజంతా పలుకైపోతోందంట. అబ్బ ఒక్క మాట అనకుండా బెల్టు బిగించి మిషన్ వేశాడంట. చెరగడానికి మనుషులు చాలక ఆ రోజు మా అవ్వ కూడా చేట పట్టుకుంది, పాత కూలీల్లో ఇద్దరు అప్పటికే బెంగళూరుకు పోయినారు.