పంక్తిలో ఒక్కరు రాలేదని

భీమవరం దగ్గర మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది కనుక తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. బాబాయి, చుట్టుపక్కల ఊళ్ల రైతులు చెరువుల్లో సెన్సర్లు పెట్టించారు. ఆ కొలతలు ముంబైలోని క్లౌడ్ సర్వర్లలో ఉన్న కాఫ్కాకు (వచ్చిన డేటాను వరుసగా దాచి అందించే సాఫ్ట్‌వేర్), అక్కడి నుంచి ఫ్లింక్‌కు (డేటా వస్తుండగానే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) వెళ్తాయి. 5 నిమిషాల సగటు లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రైతు ఫోను మోగాలి. సర్వర్లలో ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్ మీద ఇదంతా నిలబెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది.

నెట్ పోతే సెన్సర్లు కొలతలను దాచుకుని ఆలస్యంగా పంపుతాయి. అందుకే లెక్కంతా కొలత తీసిన సమయాన్ని బట్టే నడిపాను. ఏ సమయం వరకు కొలతలు అందినట్టో ఫ్లింక్‌కు చెప్పే గుర్తే వాటర్‌మార్క్. అది దాటాకే ఒక్కో 5 నిమిషాల కిటికీ (విండో) మూసుకుని సగటు తేలుతుంది.

ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకు బాబాయి ఫోను.

"ఏరా, రొయ్యలు తేలుతున్నాయి. నీ హెచ్చరిక ఏదిరా?"

"ముందు ఏరేటర్లన్నీ వేయించు బాబాయ్, నేను చూస్తాను."

వ్యవస్థ తీరు చూపే తెరంతా పచ్చగా ఉంది. కాఫ్కాలో ఫ్లింక్ ఇంకా చదవని కొలతల బకాయి సున్నా. నిమిషానికొక చెక్‌పాయింట్ (లెక్క స్థితిని దాచే నకలు) చక్కగా పడుతోంది. వాటర్‌మార్క్ మాత్రం నిన్న సాయంత్రం 6:10 దగ్గరే నిలిచిపోయింది! తెలివి ఎక్కువై కాఫ్కాలో ఊరికొక పార్టిషన్ (విడి వరుస) ఇచ్చింది నేనే. ఆ సాయంత్రం ఒక ఊళ్లో పట్టుబడి అయిపోయి సెన్సర్లన్నీ తీసేశారు. అన్ని పార్టిషన్లలో వెనకబడినదాన్నే ఫ్లింక్ లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్కరు రాలేదని పంక్తి మొత్తానికి వడ్డన ఆపినట్టు, మిగతా ఊళ్ల కిటికీలేవీ మూసుకోలేదు, సగటులు తేలలేదు.

నిమిషం పాటు కొలత రాని పార్టిషన్‌ను పక్కన పెట్టమని కోడ్‌లో ఒక్క పంక్తి చేర్చాను. పనిలో పనిగా తప్పుడు కొలతలను వడపోసే మెట్టు కూడా పెట్టాను. అది నా అత్యాశ. సేవ్‌పాయింట్ (ఆపేముందు దాచిన స్థితి) నుంచి మళ్లీ మొదలుపెడితే ఫ్లింక్ ససేమిరా అంది: ఆపరేటర్లకు (లెక్కలోని ఒక్కో మెట్టుకు) నేను గుర్తింపులు ఇవ్వలేదు, మెట్టు చేరగానే అది సొంతంగా ఇచ్చుకున్నవి మారిపోయాయి, పాత స్థితి ఎవరిదో దానికి తెలియలేదు. వడపోత తీసేశాక కదిలింది. వాటర్‌మార్క్ వెనకబడితే నన్ను లేపే హెచ్చరికను తెల్లారాక పెట్టాను.

మొదలైన నిమిషానికి వాటర్‌మార్క్ ఒక్క దూకులో వర్తమానానికి వచ్చింది. రాత్రంతా లోపల ఆగిన హెచ్చరికలన్నీ అన్ని ఊళ్ల ఫోన్లకూ ఒకేసారి వెళ్లాయి. మళ్లీ బాబాయి.

"సరేగానీ, ఇప్పుడు దీన్ని ఆపడం ఎలారా?"