ఎరాస్మస్ సెమిస్టర్: ఇంటికి తిరిగొచ్చే క్రెడిట్ల లెక్క

యూరప్‌లో ఒక దేశపు విద్యార్థి ఇంకో దేశానికి వెళ్లి ఒక సెమిస్టర్ చదివి రావడం ఇప్పుడు మామూలు విషయం. వెళ్లేముందు అందరూ అడిగేవి స్కాలర్‌షిప్ ఎంత, గది దొరుకుతుందా, భాష ఎలా అనే. ఇవన్నీ కుదిరాక కూడా సెమిస్టర్ వృథా అయ్యే ప్రమాదం ఒకటి ఉంటుంది. అక్కడ పాసైన సబ్జెక్టుల్ని సొంత యూనివర్సిటీ లెక్కలోకి తీసుకోకపోతే, తిరిగొచ్చాక అవే సబ్జెక్టులు బ్యాక్‌లాగుల్లా మెడకు చుట్టుకుంటాయి. యువత చదువు కోసం యూరప్ దేశాలు పెడుతున్న ఖర్చు ఫలించాలంటే ముందు సరిచేయాల్సింది ఈ గుర్తింపు వ్యవహారమేనని నా గట్టి నమ్మకం.

ఇలా విద్యార్థుల్ని దేశాల మధ్య పంపే యూరప్ కార్యక్రమం ఎరాస్మస్ పుట్టిందే ఈ బాధలోంచి. ఇటలీకి చెందిన సోఫియా కొర్రాదీ అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో న్యాయశాస్త్రంలో మాస్టర్స్ చేసి 1958లో రోమ్‌కు తిరిగొస్తే, అక్కడి యూనివర్సిటీ ఆ చదువును గుర్తించనంది. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆమె పట్టుబట్టి తిరగడం 1987లో ఎరాస్మస్ మొదలవడానికి ఒక ప్రధాన కారణం. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. ఇప్పుడు నడుస్తున్న ఎరాస్మస్ ప్లస్‌కు 2021 నుంచి 2027 వరకు సుమారు 2,600 కోట్ల యూరోల బడ్జెట్ ఉంది.

గుర్తింపుకు కొలమానం ఈసీటీఎస్ (యూరప్ దేశాల మధ్య క్రెడిట్ల బదిలీ పద్ధతి) క్రెడిట్. 1989లో ప్రయోగంగా మొదలైంది. పూర్తి విద్యా సంవత్సరానికి 60, సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. క్లాసు, ల్యాబ్, అసైన్‌మెంట్, ఇంట్లో చదువు, పరీక్షకు సిద్ధపడటం అన్నీ అందులోకే వస్తాయి. 5 క్రెడిట్ల సబ్జెక్టు అంటే 125 నుంచి 150 గంటలన్నమాట. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో క్రెడిట్ లెక్క వేరు. వారానికి ఒక గంట లెక్చర్ ఉంటే ఒక క్రెడిట్. అందుకే మన నాలుగేళ్ల బీటెక్‌కు ఏఐసీటీఈ నమూనా సిలబస్ ప్రకారం 160 క్రెడిట్లుంటే, యూరప్‌లో నాలుగేళ్లకు 240 ఉంటాయి. విదేశీ అప్లికేషన్‌లో గణితం క్రెడిట్లు ఎన్నని అడిగితే మన అంకెను అలాగే రాసేసి అర్హత పోగొట్టుకునేవాళ్లున్నారు. మొత్తం మీద చూస్తే మన ఒక క్రెడిట్ ఒకటిన్నర ఈసీటీఎస్‌కు దగ్గరగా వస్తుంది. అప్లికేషన్‌లో మన అంకె, మార్చిన అంకె, మార్చిన పద్ధతి మూడూ చూపించండి. చివరి నిర్ణయం మాత్రం ఆ యూనివర్సిటీదే.

ఇక అసలు పత్రం: లెర్నింగ్ అగ్రిమెంట్. ఇందులో రెండు పట్టికలుంటాయి. ఏ-పట్టికలో విద్యార్థి అక్కడ చదవబోయే సబ్జెక్టులు, బీ-పట్టికలో వాటికి బదులుగా ఇక్కడ, అంటే సొంత యూనివర్సిటీలో, మాఫీ అయ్యేవి. విద్యార్థి, పంపే యూనివర్సిటీ, చేర్చుకునే యూనివర్సిటీ ముగ్గురూ సంతకం చేయాలి. ఈ మూడు సంతకాలూ బయల్దేరకముందే పడాలి. ఇప్పుడిది ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది.

తగాదా వచ్చేది బీ-పట్టిక దగ్గరే. ఒక సెమిస్టర్‌లో ఇక్కడ 6 క్రెడిట్ల సబ్జెక్టులు ఐదు ఉన్నాయనుకుందాం. అక్కడ 5 క్రెడిట్లవి ఆరు. రెండు వైపులా మొత్తం 30. ఒక్కో సబ్జెక్టుకు జత వెతకడం మొదలుపెడితే ఐదింటికి ఐదు కుదిరి ఆరోది గాలిలో ఉండిపోతుంది, 6కు 5 ఎలా సరిపోతుందనే ప్రశ్న కూడా మిగులుతుంది. మంచి కోఆర్డినేటర్ ఇలా చేయరు. అటు ఆరు సబ్జెక్టుల్నీ ఒక కట్టగా, ఇటు ఐదింటినీ ఒక కట్టగా చూపించి 30కి 30 మాఫీ రాస్తారు. ఏదో ఒక ప్రొఫెసర్ 'నా సిలబస్‌లో ఉన్న ప్రతి యూనిట్ అక్కడా ఉండాలి' అని పట్టుబడితే ఆ కట్ట ఊడిపోతుంది. అప్పుడు అడగాల్సింది యూనిట్ల పోలిక గురించి కాదు, ఆ సబ్జెక్టు చదివితే విద్యార్థికి చేతకావాల్సిన పనులు ఏమిటని. విదేశీ చదువుల గుర్తింపుపై 1997 నాటి లిస్బన్ ఒప్పందం కూడా ఇదే దారి చూపింది: చెప్పుకోదగ్గ తేడా ఉందని నిరూపించాల్సిన భారం కాదనేవాళ్ల మీదే ఉంటుంది.

ఈ గొడవే రాకుండా చేసే పద్ధతి ఒకటుంది. కోర్సు రూపకల్పనలోనే ఒక సెమిస్టర్‌ను దాదాపుగా ఎలెక్టివ్‌లతో నింపి, విదేశానికి వెళ్లడానికి ఖాళీగా వదిలేయడం. తప్పనిసరి సబ్జెక్టులు ఆ సెమిస్టర్‌లో పెట్టరు. మూడేళ్ల డిగ్రీలో ఐదో సెమిస్టర్ దీనికి బాగా కుదురుతుంది. చివరి సెమిస్టర్‌లో వెళ్లడం నేను సిఫార్సు చేయను, కారణం కింద వస్తుంది.

చేరాక వచ్చే చిక్కులు దాదాపు ప్రతిచోటా ఒకటే. కేటలాగ్‌లో కనిపించిన సబ్జెక్టు ఆ సెమిస్టర్‌లో ఉండదు. ఇంగ్లిష్‌లో చెబుతామన్న కోర్సుకు సరిపడా మంది చేరక ఎత్తేస్తారు. రెండు సబ్జెక్టులు ఒకే రోజు, ఒకే గంటలో పడతాయి. అలాంటప్పుడు లెర్నింగ్ అగ్రిమెంట్‌లో మార్పులకు వేరే భాగం ఉంది. సెమిస్టర్ మొదలైన ఐదు వారాల్లోపు అడగాలి, మళ్లీ ముగ్గురి ఆమోదమూ కావాలి. కారిడార్‌లో ప్రొఫెసర్ 'పర్లేదు, తీసుకో' అంటే అది మార్పు కిందకు రాదు. అందుకే మొదటి వారంలోనే టైంటేబుల్ ముందేసుకుని, అదనంగా రెండు సబ్జెక్టులు మనసులో పెట్టుకుని వాటి క్లాసులకూ వెళ్లి చూడాలి.

క్యాలెండర్ తేడా ఇంకో చిక్కు. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ క్లాసులు సాధారణంగా అక్టోబర్‌లో మొదలై, పరీక్షలు ఫిబ్రవరి దాకా సాగుతాయి. సొంత దేశంలో రెండో సెమిస్టర్ జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో మొదలైతే ఆ విద్యార్థి రెండు చోట్లా ఉండాల్సి వస్తుంది. వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి చాలామందికి అదే నయం.

మార్కుల మార్పిడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఇక్కడే మంచి విద్యార్థికి అన్యాయం జరుగుతుంది. ఫ్రాన్స్‌లో మార్కులు 20కి, పాస్ 10. ఇటలీలో 30కి, పాస్ 18. జర్మనీలో 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 దాటితే ఫెయిల్. ఇటలీ అమ్మాయి ఫ్రాన్స్‌లో 20కి 14 తెచ్చుకుందనుకోండి. అక్కడ 14 అంటే బాగా చదివినట్టు. ఆఫీసులో గుమస్తా లెక్కగా 14ను 20తో భాగించి 30తో గుణిస్తే 21 వస్తుంది, ఇటలీలో అది పాస్‌కు కాస్త పైన ఉండే మార్కు. ఈసీటీఎస్ మార్గదర్శిని 2015 కూర్పు చెప్పే పద్ధతి వేరు. గత రెండేళ్లకు తక్కువ కాకుండా ఆ విభాగంలో పాసైనవాళ్లకు ఏ మార్కు ఎంత శాతం మందికి వచ్చిందో రెండు యూనివర్సిటీలూ పట్టిక వేసుకోవాలి. ఫ్రాన్స్‌లో 14 పై 15 శాతంలో పడితే, ఇటలీలో పై 15 శాతం ఎక్కడ మొదలవుతుందో చూసి ఆ మార్కు ఇవ్వాలి. అది 28 కావచ్చు, 29 కావచ్చు. ఆ పట్టికను ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు జతచేసి పంపమని విద్యార్థే అడిగి తీసుకోవడం మంచిది.

ఫలితాలు వచ్చిన ఐదు వారాల్లోపు అక్కడి యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్ పంపాలి. అది అందాక మరో ఐదు వారాల్లో ఇక్కడ క్రెడిట్లు ఎక్కించాలి. నియమం ప్రకారమే పది వారాల దాకా గడవొచ్చు. చివరి సెమిస్టర్ బయట చదివితే డిగ్రీ పట్టా, ఉద్యోగంలో చేరే తేదీ, మాస్టర్స్ అడ్మిషన్ అన్నీ ఈ కాగితం కోసం ఆగిపోతాయి. పైన వద్దన్నది అందుకే.

డబ్బు విషయంలో ఒక మాట. ఎరాస్మస్ విద్యార్థి అక్కడ ట్యూషన్ ఫీజు కట్టడు. నెలవారీ గ్రాంట్ వెళ్లే దేశాన్ని బట్టి మారుతుంది, అది మొత్తం జీవన వ్యయానికి సరిపోదు, ఖర్చులో పెరిగే భాగానికి ఆసరా మాత్రమే. ఆర్థికంగానో వైకల్యం వల్లనో వెనకబడ్డవాళ్లకు నెలకు 250 యూరోలు అదనం. అయినా గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె ముందే చేతిలో ఉండాలి. సాయంత్రాలు పనిచేసుకుని చదువుకునే విద్యార్థి ఆ పని వదిలి ఆరు నెలలు వెళ్లలేడు. అలాంటివాళ్ల కోసం 5 నుంచి 30 రోజుల చిన్న ప్రయాణంతో, మిగతా భాగం ఆన్‌లైన్‌లో, కనీసం 3 క్రెడిట్లు వచ్చే కార్యక్రమాలు 2021 నుంచి పెట్టారు. ఇవి ఇంకా పెరగాలి.

యూనివర్సిటీ విద్యార్థుల కన్నా వెనకబడి ఉన్నది వృత్తి శిక్షణలో ఉన్న యువత. మన ఐటీఐ, పాలిటెక్నిక్ వయసు పిల్లలు వీళ్లు. 2024 మేలో ఈయూ దేశాలు పెట్టుకున్న లక్ష్యమే చూడండి: 2030 నాటికి ఉన్నత విద్యలో 23 శాతం మంది, వృత్తి విద్యలో 12 శాతం మంది బయటి దేశంలో నేర్చుకుని రావాలి. సగం తేడా ఉండటానికి కారణం అప్రెంటిస్‌కు యజమాని ఉండటం. ముగ్గురు పనిచేసే బేకరీ నుంచి ఒకరు మూడు నెలలు వెళ్తే ఓవెన్ దగ్గర ఎవరుంటారు, జీతం ఎవరిస్తారు, అక్కడ చెయ్యి కాలితే బీమా ఎవరిది? ఈ మూడింటికీ ముందే జవాబు రాసుకోని చోట యజమాని సంతకం పెట్టడు.

జర్మనీ చట్టంలో దీనికి స్పష్టమైన దారి ఉంది. మొత్తం శిక్షణ కాలంలో నాలుగో వంతు దాకా విదేశంలో గడపొచ్చు, అది శిక్షణలో భాగమే, స్టైపెండ్ ఆగదు. మూడేళ్ల ట్రేడ్‌కు తొమ్మిది నెలలు. ఫ్రాన్స్‌లో నాలుగు వారాలు దాటితే యజమానితో ఉన్న ఒప్పందాన్ని పక్కన పెట్టాల్సి వచ్చేది, 2023 డిసెంబర్ చట్టంతో దాన్ని సడలించారు. ఎరాస్మస్ ప్లస్ నియమాల్లో 10 నుంచి 89 రోజుల శిక్షణ ప్రయాణాలు చిన్నవి, 90 నుంచి 365 రోజులవి పెద్దవి. రెండు వారాల పర్యటనలో పిల్లలు వర్క్‌షాప్ చూసి వస్తారు, చేతిలోకి పని రాదు. పెద్దవాటి మీదే శ్రద్ధ పెట్టాలి.

వీళ్ల ఒప్పంద పత్రంలో 'ఆటోమొబైల్ వర్క్‌షాప్‌లో పని అనుభవం' అని రాస్తే తిరిగొచ్చాక ఎవరూ పట్టించుకోరు. ఇలా రాయాలి: స్కానర్ తగిలించి ఫాల్ట్ కోడ్ చదవడం, మల్టీమీటర్‌తో ఆ సెన్సర్ వైరింగ్ చెక్ చేయడం, పార్ట్ మార్చి కోడ్ చెరిపి రోడ్డు మీద నడిపి చూడటం, జాబ్ కార్డ్ రాయడం. ఒక్కో పని ఎదురుగా, దగ్గరుండి నేర్పిన మెకానిక్ సంతకం ఉండాలి. అదే విదేశంలో నేర్చుకున్నదాన్ని నమోదు చేసే యూరోపాస్ మొబిలిటీ పత్రంలోకి వెళ్తుంది. యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు ప్రభుత్వ వైద్యం వరకే పనికొస్తుంది. కస్టమర్ కారు పాడైతే పూచీ, పనిచోట ప్రమాదం, ఇంటికి చేర్చడం వేరే పాలసీల్లో ఉండాలి. అబ్బాయికి 18 నిండకపోతే రోజుకు 8, వారానికి 40 గంటల పరిమితి ఉంది. తీసుకునే వర్క్‌షాప్‌కు ఈ సంగతి ముందే చెప్పాలి. పంపే స్కూల్ నుంచి ఒక టీచర్ ముందుగా వెళ్లి ఆ వర్క్‌షాప్ చూసి రావడానికి కూడా గ్రాంట్ ఉంది.

తెలుగు విద్యార్థులకు ఈ వ్యవస్థలోకి పెద్ద ద్వారం ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్, అంటే వేర్వేరు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే మాస్టర్స్ కోర్సులు. కనీసం రెండు దేశాల్లో చదవాలి. దాని స్కాలర్‌షిప్‌కు ఎంపికైతే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు, గరిష్ఠంగా 24 నెలలు. టికెట్, వీసా, గది అన్నీ అందులోంచే. మొదటి విడత సాధారణంగా అక్కడ బ్యాంక్ ఖాతా తెరిచాకే పడుతుంది, కాబట్టి మొదటి నెల ఖర్చు వెంట తీసుకెళ్లాలి. దరఖాస్తులు ఎక్కువగా అక్టోబర్ నుంచి జనవరి మధ్య ఉంటాయి. జర్మనీ మార్కుల్లోకి మార్చే బవేరియన్ సూత్రంలో మీ పాస్ మార్కు కీలకం. సీజీపీఏ 10కి 8 ఉంటే, పాస్ 4 అయినప్పుడు 2.0, పాస్ 5 అయినప్పుడు 2.2 వస్తుంది. గరిష్ఠం, కనీస పాస్ ఎంతో యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

రెండో దేశానికి మారేటప్పుడు రెసిడెన్స్ పర్మిట్ దగ్గర చాలామంది తడబడతారు. 2016 నాటి ఈయూ ఆదేశం ప్రకారం ఇలాంటి కార్యక్రమాల విద్యార్థులకు పర్మిట్ కనీసం రెండేళ్లకో, చదువు అంతకన్నా తక్కువైతే అంతవరకో ఇవ్వాలి. పర్మిట్ మీద కార్యక్రమం పేరు ఉండాలి. దానితో మరో సభ్య దేశంలో 360 రోజుల దాకా చదవొచ్చు. ఆ దేశం ముందస్తు సమాచారం కోరితే 30 రోజుల్లో అభ్యంతరం చెప్పే హక్కు ఉంటుంది, కాబట్టి సెమిస్టర్‌కు కనీసం రెండు నెలల ముందే పంపించాలి. ఐర్లాండ్, డెన్మార్క్ ఈ ఆదేశంలో లేవు, అక్కడికి వేరే అనుమతి కావాలి. మొదటి దేశం ఒక్క ఏడాదికే కార్డు ఇస్తే, ఆ దేశం దాటకముందే పొడిగింపు పెట్టుకోండి. రెండో దేశంలో ఉండగా గడువు తీరితే అక్కడి నుంచి దాన్ని సరిచేసుకోవడం చాలా కష్టం.