పీప్స్ గారి బీరువాల్లో భగ్న ప్రేమలు

లండన్ కింగ్స్ క్రాస్‌లో ఫాస్ట్ రైలెక్కితే కేంబ్రిడ్జికి సుమారు 50 నిమిషాలు. స్టేషన్ నుంచి కాలేజీకి రెండు కిలోమీటర్ల పైనే, నడిచే వెళ్లాను. పేరు రాసేది మాగ్డలీన్, పలికేది మోడ్లిన్. దారి అడిగేటప్పుడు ఇది గుర్తుండాలి. అలాగే పలికే మాటకు ఇంగ్లీషులో ‘ఏడుపుగొట్టు’ అనే అర్థమూ ఉంది. భగ్న ప్రేమల పాత పాటలు వెతకడానికి వెళ్లిన నాకు సరిగ్గా సరిపోయింది!

రెండో ఆవరణలో, 1724 అని చెక్కిన భవనంలో, డైరీతో పేరుపొందిన పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషువాడు శామ్యూల్ పీప్స్ గ్రంథాలయం. 1703లో పోయిన ఆయన పుస్తకాలు 3,000 ఇక్కడున్నాయి. ఒకటి చేర్చకూడదు, ఒకటి తీయకూడదని షరతు. చిన్నదానితో మొదలుపెట్టి ఎత్తు ప్రకారం పేర్చారు. పొట్టివాటి కింద చెక్క దిమ్మెలు పెట్టి వరుస సమం చేశారు.

అందులో అయిదు ఆల్బములు వీధి పాటలవే, 1,800కు పైగా. ఒకవైపే అచ్చేసిన కాగితాలు, పాడుతూ పెన్నీకి అమ్మినవి. సుఖమైన ప్రేమను, దురదృష్టపు ప్రేమను పీప్స్ వేర్వేరు శీర్షికల కింద పెట్టాడు. హత్యలకూ ఉరిశిక్షలకూ ఇంకో శీర్షిక. ప్రేమ హత్య దాకా వెళ్లిన పాట కావాలంటే రెండు చోట్లా వెతకాలి.

ఆల్బములు తిప్పి చూడటం మామూలు సందర్శకులకు కుదరదు. వెళ్లే ముందే శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి ఇంగ్లిష్ బ్రాడ్‌సైడ్ బ్యాలడ్ ఆర్కైవ్‌లో స్కాన్లు చదువుకోండి. ‘నల్లక్షరాలు’ అనే ఆ పాతకాలపు మందపాటి అచ్చులో పొడుగు ‘ఎస్’ను ‘ఎఫ్’ అనుకుంటే మాట మారిపోతుంది. స్వరాలు సాధారణంగా ఉండవు. మన భజన పుస్తకాల్లోలాగా ‘ఫలానా పాట వరుస’ అని ఉంటుంది, అంతే. అక్కడ ‘ఫార్చ్యూన్ మై ఫో’ అని కనబడిందా, కథ ఉరికంబం దాకా పోతుందని అనుమానించవచ్చు. ఉరి పాటలకు బాగా వాడిన వరుస అది.

పాటల పైన అచ్చేసిన బొమ్మల్నీ నమ్మొద్దు. ఒక పాటలో ప్రియుడైన టోపీవాడే మరో పాటలో హంతకుడు. బొమ్మ అచ్చేయడానికి కొత్త చెక్క దిమ్మె చెక్కించడం ఖర్చు కదా, ఉన్నదాన్నే అరిగేదాకా వాడారు. చెక్కను పురుగు తొలిచిన చోట సిరా అంటదు, కాగితం మీద తెల్లటి చుక్క మిగులుతుంది. ఒకే దిమ్మె బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే, చుక్కలు ఎక్కువున్నదే తర్వాతి అచ్చు.

చిక్కంతా పీప్స్ కత్తెరతోనే. ఆల్బములో పట్టడానికి కాగితాన్ని రెండుగా కోసి, అంచులు కత్తిరించి అంటించాడు. అచ్చు వేయించినవాళ్ల పేరు తరచుగా రెండో ముక్క అడుగున ఉంటుంది, మొదటి ముక్కతో ఆగిపోకండి.

సేకరణ 1700 దాకా సాగింది. ఖర్చు కలిసొస్తుందని అచ్చువాళ్లు ఆ బొమ్మల నల్లక్షరాల పద్ధతిని అప్పటికి వదిలేసినట్టుందని ఆయనే మొదటి పుటలో రాసిపెట్టాడు.