బత్తాయి లెక్క

గ్రీన్ కార్డు లాయరు నేనేం కనిపెట్టానో అడగలేదు. గూగుల్ స్కాలర్ లింకు పంపమన్నాడు. ఒకరి రీసెర్చ్ పేపర్లను మిగతా పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయో, అంటే సైటేషన్లు ఎన్నో, చూపించే సైటు అది. పంపిన పది నిమిషాలకు మళ్లీ ఫోన్ చేశాడు. "సైటేషన్లు 611. పర్వాలేదు. ఇందులో మీ పేపర్లను మీరే ఉదహరించుకున్నవి ఎన్ని?"

కూర్చుని ఏరితే 71 తేలాయి. మిగిలినవి 540.

ఆదివారం ఈ సంగతి చెబితే నాయిన నవ్వాడు. "గదే తరుగు బిడ్డా." మర్రిగూడ మండలంలో మాకు నాలుగెకరాల బత్తాయి తోట. మార్కెట్లో కాంటా మీదకు కాయ ఎక్కకముందే టన్నుకు ఇంతని కోసేసే లెక్క ఆయనకు కొత్తది కాదు.

ఇక హెచ్-ఇండెక్స్ కూడా ఆ తోటతోనే చెప్పాను. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తెచ్చిన కొలత అది. "నాయినా, చెట్టంటే పేపరు, కాయంటే సైటేషన్ అనుకో. 12 చెట్లకు తలా 12 కాయలకు తక్కువ లేకుంటే నీ లెక్క 12. 13 కావాలంటే 13 చెట్లకూ తలా 13 ఉండాలె."

"ఒక్క చెట్టే వెయ్యి కాయలు కాస్తేనో?"

"అయినా అది ఒక్క చెట్టే."

"పక్కోని చెట్టు మీద నీ పేరు రాసుకుంటేనో?"

ఎగతాళికే అన్నాడు గానీ నాకు కాస్త గుచ్చుకుంది. నా 611లో 340 ఒక్క పేపరువే. దాని మీద 23 పేర్లున్నాయి, నాది పద్నాలుగోది. మూడు వారాలు కణాలు పెంచి ఇచ్చాను, అంతే. మా రంగంలో మొదటి పేరు పని చేసిన మనిషిది, చివరి పేరు ల్యాబ్ నడిపే పెద్దమనిషిది, మధ్యలోవాళ్లంతా పెళ్లి ఫొటోలో వెనక వరుస. నాలుగేళ్లు పట్టి నేను మొదటి పేరుగా రాసిన పాంక్రియాస్ కేన్సర్ పేపరుకు 19 సైటేషన్లు.

ఇంకొక పేపరుంది. దాని ప్రయోగాలు రెండేళ్లు నా చేతుల మీదే జరిగాయి. వీసా స్టాంపింగుకు హైదరాబాద్ వస్తే ఇంటర్వ్యూలో ఒక చీటీ చేతిలో పెట్టి, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అన్నారు, అంటే ఇంకా పరిశీలించాలి, అప్పటిదాకా ఆగమని. మూడు నెలలు ఊళ్లో ఈమెయిల్ చూసుకుంటూ కూర్చున్నాను. తిరిగి వెళ్లేసరికి పేపరు వెళ్లిపోయింది, నా పేరు రెండోదైంది. ఆ టైములో పేపర్లోని చివరి బొమ్మకు (ఫిగర్) కావాల్సిన పని వేరే అతను చేశాడట. నిజమే, చేశాడు. ఆ ఒక్క బొమ్మే చేశాడు.

"కాయ లోపట రసముందో లేదో ఎవరు చూస్తరు?" అన్నాడు నాయిన.

చూసినవాళ్లున్నారు. ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు కేన్సర్‌లో పేరు పొందిన 53 పేపర్ల ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, 6 మాత్రమే నిలబడ్డాయి. 2012లో నేచర్‌లో ఆ మాట రాశారు. అలా నిలబడనివాటిలోనూ కొన్నింటికి వందల సైటేషన్లు ఉన్నాయి. అసలు కేన్సర్ పేపర్లలో సగం ఒకే వాక్యంతో మొదలవుతాయి: ఈ ఏడు ఇంతమందికి ఈ జబ్బు వస్తుందని. ఆ అంకె కోసం అందరూ అమెరికా వార్షిక గణాంకాల రిపోర్టునే చూపిస్తారు. దాన్ని అచ్చేసే పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే అందులోని ఒక్కో పేపరుకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క, 200 దాటి ఎన్నేళ్లో అయింది. ఇదే కష్టం ఫ్లోరోసిస్ మీద, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే మా జిల్లా జబ్బు మీద, పెట్టి ఉంటే నాకు నూరు సైటేషన్లు కూడా వచ్చేవి కావు. ఆ జబ్బు మీద పని చేసేవాళ్లే తక్కువ, ఇంక ఉదహరించేదెవరు?

ఫ్లోరోసిస్ అంటే గుర్తొచ్చింది. ల్యాబులో పక్క బల్ల అతనిది టాంజానియాలోని అరూషా. చేరిన కొత్తలో మాది ఏ ఊరని అడిగాడు. ఎలాగూ తెలియదు కదా అని హైదరాబాద్ దగ్గర అన్నాను. దగ్గరంటే ఎక్కడని వదలలేదు. నల్గొండ అన్నాను.

పిపెట్ కింద పెట్టేశాడు. "నల్గొండ టెక్నిక్ నల్గొండేనా?"

నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు 1970లలో తయారుచేసిన పద్ధతి అది. నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపితే తెట్టు కట్టి అడుగుకు దిగుతుంది, దాంతోపాటే ఫ్లోరైడూ దిగుతుంది. పైనున్న తేట వంచుకోవాలి. అరూషాలో అతని మేనత్త ఇంట్లో దీనికని రెండు బకెట్లు ఉండేవట. ఒకదాంట్లో కలిపి, తేరాక రెండోదాంట్లోకి పట్టేవారట. నల్గొండ అనేది ఎవరో శాస్త్రవేత్త పేరనుకున్నాడట ఇన్నాళ్లూ.

ఆ పేరు వాడేవాళ్లలో చాలామంది కింద మూల పేపరేదో చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేనంతగా వాడుకలో పడిపోయింది. లాయరు లెక్కలో అలాంటివి సున్నా.

"నువ్వూ ఆ నీళ్లే తాగావా?" అన్నాడు.

చిన్నప్పటి నుంచి ఫొటోల్లో పెదవులు మూసుకునే నవ్వడం అలవాటు నాకు. ఆరోజు పళ్లు చూపించాను. తనూ చూపించాడు. అవే గోధుమరంగు చారలు, పై పళ్ల మీద అడ్డంగా.