జగిత్యాల లైసెన్సుతో హత్తా దాకా

ఏళ్లుగా దుబాయ్‌లో ఉంటున్న మా తమ్ముడికి అక్కడ కారు నడిపే వీల్లేదు. చూడ్డానికి వెళ్లిన నాకు ఉంది. రెసిడెన్స్ వీసా ఉన్న మనవాళ్లు యూఏఈ లైసెన్సు తీసుకోవాల్సిందే. విజిట్ వీసా మీద వెళ్తే మాత్రం మన లైసెన్సు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చూపించి అద్దెకు తీసుకోవచ్చు.

ఆ పర్మిట్ ఇచ్చేది మన ఆర్టీఏ ఆఫీసే. 4ఏ ఫారం, లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా కాపీలు, 1000 రూపాయల ఫీజు. ఏడాది చెల్లుతుంది. ఈలోపు లైసెన్సు గడువు తీరితే అదీ పోయినట్టే. పర్మిట్ ఉంది కదా అని అసలు లైసెన్సు ఇంట్లో వదిలేసి వెళ్తే పని జరగదు, రెండూ చూపించాలి.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేర్వేరు గళ్లలో ఉంటాయి. లైసెన్సులో ఇంటిపేరు ముందొస్తుంది. క్రెడిట్ కార్డు మీదైతే ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే! అద్దె కారు డిపాజిట్‌ను ఆ కార్డు మీదే బ్లాక్ చేస్తారు, అది నడిపే మనిషి పేరు మీదే ఉండాలి. డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. అందుకే బయల్దేరకముందే బ్యాంకులో చెప్పి పూర్తి పేరుతో కొత్త కార్డు తెప్పించుకున్నాను. మంచిదే అయింది. కౌంటర్లో కుర్రాడు కార్డునూ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూశాడు.

"ఒమన్ వైపు వెళ్తారా?" అనడిగాడు. వెళ్లాలంటే కారు అద్దెకిచ్చే కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఒమన్‌లో చెల్లే ఇన్సూరెన్సు కావాలట. వద్దన్నాం.

"అన్నా, స్టీరింగ్ నేను ముట్టద్దు. మొత్తం నువ్వే నడపాలె" అని తమ్ముడు పక్కన కూర్చున్నాడు. అక్కడ బండి కుడివైపు పోవాలి. మొదటి మలుపులో ఇండికేటర్ వేద్దామంటే వైపర్లు ఆడాయి.

"వానేడుందన్నా?"

ఒమన్ సరిహద్దు దగ్గరున్న దుబాయ్ కొండ ఊరు హత్తాలో ఎండిన రాతి కొండలు, మధ్యలో డ్యాం, ఆకుపచ్చ నీళ్లు. సైటు, క్యాంపు తప్ప ఇంకేం చూడని తమ్ముడు అక్కడే మధ్యాహ్నం దాకా కదల్లేదు. తిరుగు దారిలో మాత్రం డ్రైవింగ్ స్కూల్లో ఫైల్ ఓపెన్ చేయడానికి ఎంతవుతుందో, క్లాసులకు సెలవు దొరుకుతుందో లేదో లెక్కలేస్తూనే ఉన్నాడు.

కారు అప్పజెప్పిన రోజే డిపాజిట్ వదల్లేదు. ట్రాఫిక్ ఫైన్లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి కొన్నాళ్లు ఆపుకుంటారు. సాలిక్ (దుబాయ్ రోడ్డు టోల్) డబ్బులు పట్టుకుని, మిగతాది నేను జగిత్యాల చేరాక వదిలారు.